సీసా మీద నీటి లెక్క లేకపోతే నియోడిమియం ఎసిటేట్‌ను ఎంత తూచాలి?

మీ సీసా మీద 'నియోడిమియం ఎసిటేట్ ఎక్స్ హైడ్రేట్' అని మాత్రమే ఉంది (ఎక్స్ అంటే ఒక్కో ఉప్పు అణువుకు ఉన్న నీటి అణువుల సంఖ్య, అదెంతో చెప్పలేదు), 0.1 మోలార్ ద్రావణానికి ఏ అణుభారం వాడాలి, కలిపాక ఎందుకు మసకగా ఉంది అని కదా అడిగారు. మొదటి ప్రశ్న దగ్గరే నాకు మూడు వారాలు పోయాయి, అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

నీరు లేని ఉప్పు అణుభారం 321.4. నేను ఆ లెక్కతోనే తూచి, ఐరన్ నైట్రేట్‌తో కలిపి నియోడిమియం ఫెర్రైట్ (నియోడిమియం, ఇనుము కలిసిన ఆక్సైడ్) చేయబోయాను. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో (పొడిలో ఏ స్ఫటికాలున్నాయో చూపే పరీక్ష) ఐరన్ ఆక్సైడ్ పీకులు కూడా కనబడ్డాయి. ఫర్నేస్‌ను అనుమానించి మళ్లీ మళ్లీ కాల్చాను. ఎంత టెన్షన్ పడ్డానో! తీరా చూస్తే తప్పు తూకంలో ఉంది. ఆ ఎక్స్ 1.5 అయితే అణుభారం 348.4. అంటే నియోడిమియం దాదాపు 8 శాతం తక్కువ పడింది, మిగిలిపోయిన ఇనుమే ఐరన్ ఆక్సైడ్‌గా కనబడింది.

అందుకే లేబుల్‌ను వదిలేసి టైట్రేషన్ చేయండి, అంటే బలం తెలిసిన ద్రావణాన్ని కొద్దికొద్దిగా వదిలి నియోడిమియం ఎంతుందో కొలవండి. ఎక్స్ 1 అనుకుని 0.3394 గ్రాములు తూచి 100 మి.లీ. చేయండి. అందులో 25 మి.లీ. తీసుకుని, హెక్సమిన్‌తో పీహెచ్ 5.5–6 మధ్యకు తెచ్చి, రంగు మారి ముగింపు చూపే జైలినాల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేసి, లోహాన్ని పట్టుకునే ఈడీటీఏను 0.01 మోలార్ ద్రావణంగా వదలండి. ఎర్రటి ఊదా పోయి నిమ్మపండు పసుపు వస్తుంది. నియోడిమియం లేత ఊదా రంగు ఇంత పల్చని ద్రావణంలో అడ్డు రాదు. ఒక నియోడిమియంకు ఒక ఈడీటీఏ లెక్క కాబట్టి సరిగ్గా 25 మి.లీ. పడితే ఎక్స్ 1. నాకు 24.4 పడింది, అంటే అణుభారం సుమారు 348, ఎక్స్ దాదాపు 1.5.

కాల్చి ఆక్సైడ్‌గా తూచే పద్ధతీ ఉంది, కానీ నాకు నచ్చదు. వేడి చాలకపోతే మధ్యలో ఆక్సీకార్బొనేట్ దగ్గరే ఆగిపోతుంది, చల్లారేటప్పుడు ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

ఇక మసక. ఆమ్లం చాలక ఉప్పులో కొంత నీటితో చర్య జరిపి, కరగని క్షార ఎసిటేట్‌గా మారి ఉండొచ్చు. ఎసిటిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేసి కలపండి, నాకు చాలాసార్లు తేటపడింది. అప్పటికీ పోకపోతే వడకట్టండి. వడకట్టాక బలం మారుతుంది కాబట్టి ఆ ద్రావణాన్ని మళ్లీ టైట్రేట్ చేశాకే వాడండి.