స్టాపులో నిలబడి చూడు

చిరంజీవి అమ్మలుకు,

బస్సు రూట్లు వేసే పనిలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. బస్సెక్కాలా వద్దా అన్నది జనం ఎలా తేల్చుకుంటారని అడిగావు. నా సర్వీసంతా ఆ లెక్కలతోనే గడిచింది కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఎదురుచూపు సంగతి చూడు. స్టాపులో నిలబడ్డ ఒక్క నిమిషం, బస్సులో కూర్చున్న రెండు నిమిషాలంత బరువని మా లెక్కల్లో వేసుకునేవాళ్లం. గంటకు ఆరు బస్సులు సరిగ్గా పది నిమిషాలకొకటి వస్తే, సగటున ఐదు నిమిషాలు ఆగాలి. అవే ఆరు బస్సులు రెండేసి చొప్పున ఇరవై నిమిషాలకోసారి వస్తే, ఆ ఐదు కాస్తా పదవుతుంది. ముందు బస్సు కాస్త లేటైతే చాలు, స్టాపులో జనం పెరుగుతారు, ఎక్కేసరికి ఇంకా లేటవుతుంది. ఖాళీగా వచ్చే వెనక బస్సు దాన్ని అందుకుంటుంది.

ఒకరోజు ఒకతన్ని గమనించాను. రోడ్డు మీదికి వంగి చూశాడు, వాచీ చూసుకున్నాడు, మళ్లీ వంగి చూశాడు. చివరికి ఎవరిదో బండి ఆపి ఎక్కేశాడు. మలుపు తిరిగాడో లేదో, రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇంట్లో బండి ఉన్నవాడు టికెట్టును పెట్రోలు ఖర్చుతోనే పోల్చుకుంటాడు. బండి కొన్న డబ్బు ఎప్పుడో మర్చిపోయాడు. ఇద్దరు కలిసి వెళితే టికెట్లు రెండవుతాయి, పెట్రోలు కాదు. ఇక రాత్రి తిరుగు బస్సు మీద నమ్మకం లేనివాళ్లు పొద్దున కూడా ఎక్కరు. స్టాపు చీకటిగా ఉంటే ఆడవాళ్లు అసలే ఎక్కరు, ఇది నువ్వు నాకంటే బాగా చెప్పగలవు.

"బస్సు వేస్తే ఎక్కుతారా?" అని మాత్రం అడగకు, అందరూ ఎక్కుతామనే అంటారు. నిన్న ఎలా వెళ్లారో అడుగు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో బార్ట్ రైలు మొదలయ్యే ముందు, పనికెళ్లే ప్రయాణాల్లో 15 శాతం దానికి వస్తాయని అధికారిక అంచనా. డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఆర్థికవేత్త, జనం అప్పటికే చేస్తున్న ప్రయాణాలను బట్టి లెక్కగట్టి 6.3 అన్నాడు. తేలింది 6.2. తర్వాత 2000లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఈ వారం ఒక సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని స్టాపుకు వెళ్లు. ఎక్కినవాళ్లను కాదు, వచ్చి ఎక్కకుండా వెళ్లిపోయినవాళ్లను లెక్కపెట్టు. టికెట్ల లెక్కలో వాళ్లు ఎక్కడా కనబడరు. ఎంతమందో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న