కాటన్ దొర వేషంలో తడబాటు

ధవళేశ్వరంలో కాటన్ దొరగా నిలబడితే, ‘బ్యారేజీకి గేట్లెన్ని?’ అని పిల్లలు అడిగినప్పుడు నోరు పెగలట్లేదన్నారు కదండీ. మీ పాత్రకి ‘ఈరోజు’ ఏ సంవత్సరమో తేల్చుకోకపోవడమే కారణం. కోటు, టోపీ కుదిర్చి అందరూ వదిలేసేది ఇదే.

1. 1852 పెట్టుకోండి. ఆనకట్ట అప్పుడే పూర్తయింది.

2. తర్వాత వచ్చినవన్నీ కాగితం మీద రాసి, మాటల్లోంచి తీసేయండి: ‘సర్’ బిరుదు 1861, హేవలాక్ వంతెన 1900, ఇప్పటి బ్యారేజీ 1982. ముఖ్యంగా ‘సర్’. పరిచయం చేసేవాళ్ల నోటి వెంట కూడా రాకూడదు.

3. గేట్ల ప్రశ్నకి: “బ్యారేజీయా? నేను కట్టించింది రాతి ఆనకట్ట బాబూ, వరద దాని మీదుగానే పొర్లిపోతుంది.”

4. అప్పటికీ అర్థం కాకపోతే టోపీ తీసి, మామూలు మనిషిగా ఇప్పటి సంగతి చెప్పేయండి. పాత్ర కోసం పిల్లాణ్ణి అయోమయంలో పంపొద్దు.