హోమియోపతీ, ప్రకృతి చికిత్సా ఒకటేనా?

ప్రశ్న: పదేళ్లుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. కొందరు హోమియో వాడమంటున్నారు, మరికొందరు ప్రకృతి చికిత్స చేయించుకోమంటున్నారు. రెండూ ఒకటేననీ, దుష్ఫలితాలు ఉండవనీ చెబుతున్నారు. నిజమేనా? ఏదో ఒకటి మొదలుపెట్టి ఇప్పటి మాత్రలు ఆపవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ వైద్యుడు చెప్పనిదే మధుమేహం మాత్రలు ఆపకండి.

ఇక, ఆ రెండూ ఒకటి కావు. హోమియోపతి మందు ఇచ్చే పద్ధతి. ప్రకృతి చికిత్స ప్రధానంగా మందు లేకుండా నయం చేయాలనుకునే పద్ధతి. జర్మన్ వైద్యుడు హానెమన్ 1790లో, ఆరోగ్యంగా ఉండగానే, మలేరియా జ్వరానికి వాడే సింకోనా బెరడును తాను తీసుకున్నప్పుడు జ్వర లక్షణాల వంటివి కనిపించాయని రాశాడు. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలను కలిగిస్తుందో అవే లక్షణాలున్న రోగికి ఆ పదార్థమే మందు అన్న సూత్రం అక్కడి నుంచి పుట్టింది. మందును పలచన చేసి కుదిపేకొద్దీ శక్తి పెరుగుతుందన్నది రెండో సూత్రం. సీసా మీద '30 సి' అని ఉంటే, ఒక వంతు మందును 99 వంతుల ద్రవంలో కలిపి, అందులోంచి మళ్లీ ఒక వంతు తీసి, ఇలా 30 సార్లు చేశారని అర్థం. 12వ సారి దాటాక అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. నాలుక మీద తగిలే తీపి, గుళికలకు ఆధారమైన చక్కెరది. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో అధ్యయనాలను సమీక్షించి, హోమియోపతి ఫలానా జబ్బుకు పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

ప్రకృతి చికిత్స మూలాలు 19వ శతాబ్దంలో ప్రీస్నిట్జ్, క్నైప్ వంటివారు చేసిన జలచికిత్సలో ఉన్నాయి. దానికి 'నేచురోపతి' అన్న పేరును బెనెడిక్ట్ లస్ట్ అమెరికాలో ప్రచారంలోకి తెచ్చాడు. తొట్టి స్నానం, మట్టి పట్టీలు, ఆవిరి స్నానం, ఉపవాసం, ఆహార నియమాలు, వ్యాయామం ఇందులోని సాధనాలు. కొన్ని దేశాల్లో ప్రకృతి వైద్యులు హోమియో మందులు కూడా ఇస్తారు కాబట్టే రెండూ ఒకటేనన్న అపోహ వచ్చిందని నా అభిప్రాయం. ఈ సాధనాలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం మోకాళ్ల అరుగుదలకు మేలు చేస్తాయని ఆధునిక వైద్యమూ చెబుతోంది. ఉపవాసంతో శరీరంలోని విషాలన్నీ బయటికి పోతాయన్న మాటకు మాత్రం సరైన ఆధారం లేదు.

దుష్ఫలితాల విషయంలో మీరు నిజంగా జాగ్రత్తపడవలసింది ఇక్కడే. బాగా పలచన చేసిన గుళికలు నేరుగా హాని చేయడం అరుదు. వాటిని నమ్ముకుని అసలు మందు మానేయడమే ప్రమాదం. ప్రకృతి చికిత్స అలా కాదు, అది శరీరం మీద నేరుగా పనిచేస్తుంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి వేడినీటి తొట్టిలో కాళ్లు పెట్టుకున్నప్పుడు చర్మం కాలుతున్న సంగతి కూడా తెలియకపోవచ్చు. కొన్ని రకాల మధుమేహం మాత్రలు వేసుకుని ఉపవాసం ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకని చికిత్సకు వెళ్లే ముందే మీ మాత్రల చీటీని మధుమేహానికి చూసే వైద్యుడికీ, ప్రకృతి వైద్యుడికీ చూపించండి. ఉపవాసంలో చెమటలు పట్టినా, చేతులు వణికినా, గుండె దడగా ఉన్నా, నియమం చెడుతుందని ఆగకుండా వెంటనే చక్కెర కలిపిన నీళ్లు తాగి వైద్యుడికి చెప్పండి.