బడికి వచ్చే పోలీసుకు ఏ శిక్షణ ఉండాలి?

మాస్టారూ, బొబ్బిలి దగ్గర మీ బడిలో సెల్‌ఫోను పోతే కానిస్టేబులు యూనిఫాంలో వచ్చి తొమ్మిదో తరగతి పిల్లలను ప్రశ్నించబోయాడని, అతనికి ఏ శిక్షణ ఉండాలని అడిగారు.

అమెరికాలోలాగా బడికే కేటాయించే పోలీసు పద్ధతి మన చట్టంలో లేదు. బాల న్యాయ చట్టం, 2015లోని 107వ సెక్షన్ చూడండి. ప్రతి స్టేషన్‌లో ఏఎస్సైకి తగ్గని ఒకరినైనా బాలల సంక్షేమ పోలీసు అధికారిగా నియమించవచ్చు. ఆయనకు పిల్లలతో మెలిగే నేర్పు, తగిన శిక్షణ ఉండాలి. పిల్లల వ్యవహారాలు చూసే జిల్లా ప్రత్యేక బాలల పోలీసు యూనిట్‌లోని వారికైతే, ముఖ్యంగా బాధ్యతల్లో చేరేటప్పుడు, ప్రత్యేక శిక్షణ తప్పనిసరి. ఎన్ని గంటలో ఆ సెక్షన్‌లో రాయలేదు. నా దృష్టిలో అదే పెద్ద లోటు.

యూనిఫాం సంగతి ఆ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లో ఉంది: పిల్లలతో మాట్లాడేటప్పుడు వీలైనంతవరకు మామూలు దుస్తుల్లో రావాలి, ఆడపిల్లలైతే మహిళా పోలీసు ఉండాలి.

గొడవ పడకండి, రేపు వాళ్లతోనే పని పడుతుంది. బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో తెలపాలని స్టేషన్‌కు లేఖ రాసి, ప్రతిని విజయనగరంలోని జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు పంపండి. ఈలోగా ఎవరైనా వస్తే తల్లిదండ్రులను పిలిపించి, మీరూ పక్కనే కూర్చోండి.