ఉగాది పచ్చడి తిని రాళ్ల బీచ్‌కి వెళ్లండి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వైజాగ్‌లో పిల్లలకి ప్రకృతి చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి, బీచ్ క్లీనింగ్ కార్యక్రమాల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని అడిగారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మూడేళ్లుగా ఈ నెలల్లో మా ఆదివారాలు బయటే గడుస్తున్నాయి.

నన్నడిగితే ముందు రాళ్ల బీచ్. జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు కింద, రుషికొండ పక్కన రాళ్లున్నాయి కదా, ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోతే ఆ రాళ్ల గుంటల్లో వేరే లోకం బయటపడుతుంది. పువ్వులా విచ్చుకుని, ముట్టుకుంటే ముడుచుకుపోయే సీ అనిమోన్లనే జీవులు, ఖాళీ శంఖాల్లో కాపురం పెట్టిన సన్యాసి పీతలు, బండని వదలని నత్తలు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు మామూలు కంటే ఎక్కువ వెనక్కి తగ్గుతుంది. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ ఇంకా ఎక్కువ. ఉగాది అమావాస్య మర్నాడేగా, అంచేత ఆ రెండు మూడు రోజులూ మంచి అదను. టైడ్ చార్ట్ మాత్రం చూసుకోండి, ఆటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మేం మొదటిసారి అదేమీ చూడకుండా పొద్దున్నే ఆరింటికి వెళ్లాం. సముద్రం పోటు మీద ఉంది, ఒక్క రాయీ కనిపించలేదు. పునుగులు తిని వచ్చేశాం.

పాచి మీద కాలు జారుతుంది, పట్టున్న చెప్పులు వేయండి. ఎత్తిన రాయిని ఎత్తినట్టే తిరిగి పెట్టమనండి, దాని అడుగున ఎవరో ఒకరి ఇల్లుంటుంది. అలలకి వీపు పెట్టి నిలబడొద్దు.

తర్వాత తాబేళ్లు. ఆలివ్ రిడ్లేలు ఈ తీరంలో ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో వంద దాకా. అటవీ శాఖ వాళ్లు వాటిని తెచ్చి బీచ్‌లోనే కంచె వేసి పొదిగిస్తారు. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి, తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. అవి వెలుతురు ఉన్న వైపుకి నడుస్తాయి, కాబట్టి ఫోన్ ఫ్లాష్ వేశారంటే దారి తప్పించినట్టే. నేను వెళ్లిన రోజు ఎంత చెప్పినా ఫ్లాష్ వేసినవాళ్లు పిల్లలు కాదు, పెద్దలే.

ఇక క్లీనింగ్ సంగతి. నేను వెళ్లిన మొదటి కార్యక్రమంలో అందరికీ టీషర్టు, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, కవర్లో కట్టిన టిఫిను ఇచ్చారు. గంటలో ఫొటోలు అయిపోయాయి. మేం ఏరిన చెత్త కంటే మేం చేసిన చెత్త తక్కువేమీ కాదు. పైగా ఉత్సాహంగా ఇసుక మీద పాకే బాలబంధి తీగని, రావణాసుర మీసాల గడ్డిని కూడా పీకేశారు. ఇసుకని పట్టి ఉంచేవే అవి!

రెండోసారి పాతికమందిమి వెళ్లాం, ఎవరి సీసా వాళ్లది. ఇసుకలో కూరుకుపోయిన నైలాన్ వల ఒకటి కనిపిస్తే లాగడానికి అరగంట పట్టింది. చివరికి అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చాకు తెచ్చి, ‘‘ఇలా లాగితే రాదు బాబూ, కోసి తియ్యాల’’ అని చూపించాడు. సీసాల కంటే ఈ వలల వల్లే తాబేళ్లకి ప్రమాదం ఎక్కువ, చిక్కుకుంటే ఊపిరికి పైకి రాలేవు. వెళ్లేముందు నిర్వాహకుల్ని ఒక్కటి అడగండి: ఏరిన చెత్త ఎక్కడికి పోతుంది? జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే మానేయండి.

కంబాలకొండ అభయారణ్యం కూడా బాగుంటుంది కానీ ఏప్రిల్లో ఎండకి పిల్లలు తట్టుకోలేరు, ఫిబ్రవరిలోనే కానిచ్చేయండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో వాలుల మీద జారనివ్వకండి, ఆ మట్టి ఇట్టే రాలిపోతుంది.

అటు వెళ్లడానికి 900కె బస్సు చాలు. పునుగులు తిరుగు ప్రయాణంలో.