ముందు వాషింగ్ మెషీన్, తరువాత కారు: అలబామా బృందం పాడిన పత్తి రైతు పాట

అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతమంటే గుర్రాలు, టోపీలేనా, తెలుగువారి మనసుకు హత్తుకునే బ్యాండ్ పాట ఏదైనా ఉందా అని మీరు అడిగారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, హంట్స్‌విల్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసినవాడిగా నేను చెప్పేది ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ గురించి. దానిని పాడిన బృందం పేరు కూడా అలబామాయే.

బాబ్ మెక్‌డిల్ రాసిన ఈ పాటను 1980లో బాబీ బేర్ పాడారు, తరువాత మరికొందరు పాడారు. అయితే 1988 చివర్లో అలబామా బృందం విడుదల చేశాకే అది అమెరికాలో పాటల జనాదరణను లెక్కించే బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పట్టికలో 1989 ఆరంభంలో మొదటి స్థానానికి చేరింది. ప్రధాన గాయకుడు రాండీ ఓవెన్, ఆయనకు వరుసకు సోదరుడైన టెడ్డీ జెంట్రీ ఫోర్ట్ పేన్ దగ్గరి లుకౌట్ కొండ మీద పత్తి పొలాల్లోనే పెరిగారు. ఓవెన్ గొంతులో ఆ పాట ఇంటి ముచ్చటలా వినిపించడానికి అదే కారణమని నా నమ్మకం.

అక్టోబరులో హంట్స్‌విల్‌కు పడమటి దారిలో వెళుతూ కారులో తొలిసారి విన్నాను. రోడ్డు పక్కనా కాలువలోనా రాలిన పత్తిని గురించి పాట చెబుతుంటే, నిజంగానే దారికిరువైపులా తెల్లగా పింజలు పడి ఉన్నాయి. మాది వరంగల్ దగ్గరి పల్లె. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు పోయిన మరునాడు దారి పొడవునా తుమ్మకంపలకు అలాగే పింజలు వేలాడేవి. ఇల్లంతా వంగి ఏరిన పత్తికి, తేమ ఎక్కువుందన్న మాటతో కాటా దగ్గర ధర తగ్గించినప్పుడు మా నాయన ఏమీ అనకుండా నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

వాల్‌స్ట్రీట్, అంటే అమెరికా షేర్ మార్కెట్, కూలిందని ఎవరో చెప్పినా, అప్పటికే ఉన్న లేమిలో తమకు తేడా తెలియలేదని పాటలోని కొడుకు అంటాడు. నిజానికి 1929లో పౌను బరువుకు (సుమారు అరకిలోకు) 17 సెంట్ల దాకా ఉన్న పత్తి ధర రెండేళ్లలో 6 సెంట్లకు పడిపోయింది. తల్లి జబ్బు పడుతుంది, పొలం కౌంటీ పాలవుతుంది, తండ్రి పట్నం చేరి టెనెసీ వ్యాలీ అథారిటీలో ఉద్యోగం సంపాదిస్తాడు. 1933లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నెలకొల్పిన ఈ సంస్థ డ్యాములు కట్టి, అంతవరకు దీపపు బుడ్లతో గడిపిన పల్లెలకు కరెంటు ఇచ్చింది. మన దామోదర్ లోయ కార్పొరేషన్‌కు 1948లో నమూనా కూడా ఇదే. అందువల్ల ఆ ఉద్యోగం వెంటనే ఇంటికి వాషింగ్ మెషీన్, ఆ తరువాతే షెవ్రొలె కారు రావడంలో ఒక కాలపు చరిత్ర అంతా ఉంది. ఆ డ్యాముల కింద పొలాలు మునిగిన కుటుంబాలు, అదే నేల మీద తరతరాలుగా పత్తి ఏరిన నల్లజాతివారు మాత్రం ఈ పాటలో కనిపించరు. ఆ వెలితి నన్ను బాధిస్తుంది.

ఒక సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక్కొక్క చరణానికి అర్థం చెబుతూ మా అమ్మకు ఈ పాట వినిపించాను. జబ్బు పడిన ఆ తల్లి, వాషింగ్ మెషీన్ వచ్చేనాటికి బతికే ఉందా అని ఆమె అడిగింది. పాట ఆ సంగతి చెప్పదు.