తొలి రేసింగ్ సీజన్‌కు ఖర్చు లెక్క

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే ఏడాది మోటార్‌సైకిల్ రేసుల్లో దిగాలని 3 లక్షల రూపాయలు కూడబెట్టాను. అందులో సగం నా బండి ఇంజను పనికి వెచ్చించవచ్చా?
– ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: ఆ ఆలోచన మానుకోండి. ఏయే మార్పులకు అనుమతి ఉందో ఒక్కో విభాగానికి ఒక్కో నిబంధన ఉంటుంది కనుక, అవి చదవకుండా పని చేయిస్తే బండి తనిఖీలోనే అనర్హమయ్యే ప్రమాదం ఉంది. ముందుగా ఫుల్‌ఫేస్ హెల్మెట్, లెదర్ సూటు, వీపు రక్షణ కవచం, గ్లవ్స్, బూట్లకు సొమ్ము పక్కన పెట్టండి. ఒకరు వాడిన హెల్మెట్ మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనవద్దు; లోపలి పొర దెబ్బతిన్నదీ లేనిదీ పైకి కనిపించదు.

మన జిల్లా వారికి అసలు భారం ప్రయాణమే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. బండిని రైల్లో పార్సిల్ వేయాలన్నా, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేసి ప్యాకింగ్ చేయించి, చెన్నైలో దించుకున్నాక ట్రాక్ వరకు మళ్లీ వాహనం మాట్లాడుకోవాలి. మీతో వచ్చే మెకానిక్ కూలి, బస, భోజనం సీజన్‌లో జరిగే ప్రతి రౌండు పోటీకీ తప్పవు. అందరూ ఒకే మోడల్ బండి నడిపే, ఆ బండిని నిర్వాహకులే సమకూర్చే వన్ మేక్ పోటీలకు ఎంపికైతే ఈ బాధ చాలావరకు తీరుతుంది, ముందు ఆ దారి ప్రయత్నించండి.

దేశంలో మోటార్ రేసులను పర్యవేక్షించే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు, ప్రవేశ రుసుము, టైర్లు, బ్రేక్ ప్యాడ్‌లు మామూలే. సాధారణ వాహన బీమా రేసులో జరిగిన నష్టానికి వర్తించదు కాబట్టి, లీవర్లు, ఫుట్‌రెస్టులు, హ్యాండిల్ మార్చుకోవడానికి కనీసం నాలుగో వంతు డబ్బు ముట్టుకోకుండా ఉంచండి.